వైల్ లూపా, ఫర్ లూపా? భాషను బట్టి మారే జవాబు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఉన్న ప్రోగ్రామింగ్ శిక్షణ సంస్థల్లో, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపుల పాఠం చాలావరకు ఒకే తీరులో మొదలవుతుంది. ఒకటి నుంచి పది వరకు అంకెలు ముద్రించండి. ముందు ఫర్‌తో, తర్వాత వైల్‌తో, చివరికి డూ-వైల్‌తో. మూడింటికీ ఒకే జవాబు వస్తుంది. దాంతో ఈ మూడూ ఒకటేననీ, ఏది వాడాలన్నది ఎవరి అలవాటు వారిదనీ విద్యార్థి మనసులో నాటుకుపోతుంది. సి భాష వరకు ఆ అభిప్రాయం దాదాపు సరైనదే. అక్కడ ఫర్ అంటే ఆరంభ విలువ, షరతు, పెంపు అనే మూడు ముక్కల్నీ ఒకే వరుసలో సర్దిపెట్టిన వైల్, అంతే.

స్క్రిప్టు భాషల్లోకి అడుగుపెట్టాక ఈ అభిప్రాయమే చిక్కులు తెస్తుంది. పైథాన్‌లో గానీ, లినక్స్‌లో కమాండ్లు నడిపే బ్యాష్‌లో గానీ మామూలుగా వాడే ఫర్‌కు షరతే ఉండదు. చేతికిచ్చిన వరుసలోంచి ఒక్కొక్కటే తీసుకుంటుంది, వరుస అయిపోతే ఆగుతుంది. బ్యాష్‌లో సి తరహా ఫర్ కూడా ఉంది గానీ దాన్ని వాడాల్సిన సందర్భాలు తక్కువ. వైల్ మాత్రం ప్రతి చుట్టుకూ ముందు ఒక ప్రశ్న అడుగుతుంది, జవాబు అవునైతేనే లోపలికి వెళుతుంది. ఒకటి జాబితాను నడిపేది, మరొకటి ప్రశ్నను నడిపేది. ఒకదాని పని రెండోదానితో చేయించవచ్చు, కానీ అందుకు మూల్యం చెల్లించాలి.

కాబట్టి మొదటి జల్లెడ ఇది: లూప్ ఎప్పుడు ఆగాలో లూప్ మొదలయ్యే ముందే తెలుసా? తెలిస్తే ఫర్. బయట ఏదో జరిగితేనే తెలుస్తుందంటే వైల్. హైదరాబాద్ మెట్రో ఎరుపు మార్గంలో మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ వరకు 27 స్టేషన్లు ఉన్నాయి. ఒక్కో స్టేషన్ పేరు మీద ఒక నివేదిక తయారుచేయాలంటే ఫర్ చాలు; ఇరవయ్యేడో స్టేషన్ తర్వాత ఏం చేయాలన్న ప్రశ్నే రాదు. అదే, ఉస్మాన్‌సాగర్ నీటిమట్టం పూర్తిస్థాయి 1,790 అడుగులకు చేరేదాకా కొంతసేపటికోసారి చూస్తూ ఉండాలంటే వైల్ తప్పదు. ఎన్నిసార్లు చూడాల్సివస్తుందో వానకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. అయితే ఈ జల్లెడ ఒక్కటే నమ్ముకుంటే ఫైలు చదవడం దగ్గర బోల్తా పడతాం. ఒక ఫైలును లైన్ల వారీగా చదవాలంటే పైథాన్‌లో ఫర్ మంచిది, బ్యాష్‌లో వైల్ మంచిది. పని ఒకటే, సలహా మాత్రం తలకిందులు. సీనియర్ ఇచ్చిన సలహాను ఏ భాష గురించి ఇచ్చారో చూడకుండా ఇంకో భాషకు మోసుకెళ్లడమే మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో నేను చూసే స్క్రిప్టు తప్పుల్లో పెద్ద వాటా. అందుకే ఈ పోలికను భాషల వారీగా చేస్తున్నాను. బ్యాష్‌కు ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే దెబ్బతగిలే చోట్లు అక్కడే ఎక్కువ.

బ్యాష్‌లో ఫైలు చదవడం

స్టేషన్ల పేర్లు లైనుకొకటి చొప్పున ఉన్న ఫైలు ఉందనుకుందాం. ఫైలులో ఉన్నదంతా ముద్రించే క్యాట్ కమాండు ఔట్‌పుట్‌ను ఫర్‌కు అందించి నడిపితే ఏమవుతుంది? ఫర్‌కు లైన్లతో సంబంధం లేదు. షెల్, అంటే మన కమాండ్లను నడిపే బ్యాష్ వంటి ప్రోగ్రాం, ముందు ఫైలు మొత్తాన్నీ చదివి, ఖాళీ కనిపించిన ప్రతిచోటా ముక్కలు చేసి, ఆ ముక్కల జాబితాను ఫర్ చేతిలో పెడుతుంది. ‘ఎల్‌బీ నగర్’ రెండు స్టేషన్లవుతుంది. ‘ఉస్మానియా మెడికల్ కాలేజీ’ మూడవుతుంది. 27 లైన్ల ఫైలుకు లూప్ అంతకన్నా చాలా ఎక్కువసార్లు తిరుగుతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. పైగా ఏదైనా లైనులో నక్షత్రం గుర్తు ఒంటరిగా ఉంటే దాన్ని ప్రస్తుత ఫోల్డరులోని ఫైళ్ల పేర్లతో నింపేస్తుంది. కొటేషన్ గుర్తులు పెడితే ఆగుతుందా? ఆగుతుంది, కానీ అప్పుడు ఫైలంతా ఒకే ముక్కయి లూప్ ఒక్కసారే తిరుగుతుంది.

ఇక్కడ సరైన ఎంపిక వైల్, దానికి షరతుగా రీడ్ కమాండు. రీడ్ ఒక లైను చదవగలిగితే సున్నా చెబుతుంది, ఫైలు అయిపోతే సున్నా కానిది చెబుతుంది. షెల్‌లో వైల్‌కు నిజం అంటే కమాండు సున్నా చెప్పడమే. సి నుంచి వచ్చినవారికి ఇది మొదట తిరకాసుగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ సున్నా అంటే అబద్ధం. షెల్‌లో సున్నా అంటే ‘ఏ తప్పూ జరగలేదు’. తప్పులు రకరకాలు కాబట్టి వాటికి 1 నుంచి 255 వరకు అంకెలు వదిలారు.

రీడ్‌కు రెండు జాగ్రత్తలు చేర్చాలి. మైనస్ ఆర్ అనే ఐచ్ఛికం పెట్టకపోతే బ్యాక్‌స్లాష్ గుర్తుల్ని మింగేస్తుంది. పదాలను ఎక్కడ విడదీయాలో చెప్పే ఐఎఫ్ఎస్ అనే వేరియబుల్‌ను ఆ ఒక్క కమాండు వరకు ఖాళీ చేయకపోతే లైను మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీల్ని కత్తిరిస్తుంది. ఇక మూడోది చాలామందికి తట్టనిది: ఫైలు చివరి లైను తర్వాత కొత్త లైను గుర్తు లేకపోతే రీడ్ ఆ లైనును వేరియబుల్‌లో నింపుతుంది గానీ వైఫల్యం చెబుతుంది, వైల్ ఆగిపోతుంది, చివరి లైను పని జరగదు. విండోస్‌లో ఎవరో తయారుచేసి పంపిన ఫైళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఎల్‌బీ నగర్ ఒక్కటే నివేదికలో లేదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. షరతులో రీడ్ తర్వాత ‘లేదా వేరియబుల్ ఖాళీగా లేకపోతే’ అని చేర్చితే సరిపోతుంది.

పైప్ తర్వాత వైల్: లెక్క ఎందుకు సున్నా అవుతుంది

ఒక కమాండు ఔట్‌పుట్‌ను పైప్ ద్వారా వైల్‌లోకి పంపి, లోపల ఒక వేరియబుల్‌లో లెక్కపెడతారు. లూప్ లోపల ముద్రిస్తే లెక్క సరిగ్గా కనిపిస్తుంది. బయటకు వచ్చాక చూస్తే సున్నా. బ్యాష్‌లో పైప్‌కు అటూ ఇటూ ఉన్న ప్రతి భాగమూ వేరే సబ్‌షెల్‌లో, అంటే షెల్‌కు విడి నకలులో, నడుస్తుంది. లోపల మార్చిన వేరియబుల్ ఆ సబ్‌షెల్‌తోనే పోతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. జడ్‌షెల్ అనే మరో షెల్‌లో పైప్ చివరి భాగం అసలు షెల్‌లోనే నడుస్తుంది, అక్కడ లెక్క నిలుస్తుంది. 2019లో వచ్చిన కాటలీనా నుంచి మ్యాక్‌లో జడ్‌షెలే మామూలు షెల్. అంటే, కార్యాలయంలో ఇచ్చిన మ్యాక్ టెర్మినల్‌లో పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసిన లూప్, లినక్స్ సర్వర్‌లో బ్యాష్ కింద సున్నా చెబుతుంది. ‘నా దగ్గర పనిచేసిందే’ అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

దీనికి మందులు రెండు. ఒకటి, పైప్‌ను వదిలి కమాండు ఔట్‌పుట్‌ను లూప్‌ను ముగించే డన్ అనే మాట తర్వాత లూప్‌కు ఇన్‌పుట్‌గా మళ్లించడం. దీన్ని ప్రాసెస్ సబ్‌స్టిట్యూషన్ అంటారు, గుర్తుల్లో < <( ) అని రాస్తారు. రెండోది, బ్యాష్ 4.2లో వచ్చిన లాస్ట్‌పైప్ అనే అమరికను స్క్రిప్టు మొదట్లో ఆన్ చేయడం. నా ఓటు మొదటిదానికే. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ ఇప్పటికీ 3.2 దగ్గరే ఉంది, అందులో లాస్ట్‌పైప్ లేదు. అయితే స్క్రిప్టు మొదటి లైనులో ‘ఎస్‌హెచ్’ అని ఉంటే ఉబుంటులో అది డ్యాష్ అనే మరో షెల్ కింద నడుస్తుంది, అక్కడ మొదటి మందూ పనిచేయదు. స్క్రిప్టు మొదటి లైనులో బ్యాష్ అని స్పష్టంగా రాయడం మర్యాద కోసం కాదు, ఇలాంటి వాటి కోసమే.

వైల్-రీడ్ లోపల, దూరపు సర్వర్‌లో పని నడిపించే ఎస్ఎస్‌హెచ్ కమాండు పెడితే మొదటి సర్వర్‌తోనే లూప్ ఆగిపోవడం కూడా ఈ కుటుంబంలోని సమస్యే. సర్వర్ల జాబితా లూప్ ఇన్‌పుట్‌లో ఉంది. లోపల నడిచే ఎస్ఎస్‌హెచ్ అదే ఇన్‌పుట్‌లోంచి మిగతా పేర్లన్నీ తాగేస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌కు మైనస్ ఎన్ ఇస్తే అది చదవదు. వీడియోలను మార్చే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తోనూ ఇదే గొడవ, దానికి నోస్ట్‌డిన్ అనే ఐచ్ఛికం ఉంది. ఫర్‌కు ఈ బాధ లేదు, ఎందుకంటే అది జాబితాను ముందే చేతిలోకి తీసుకుంటుంది. కాబట్టి పేర్లలో ఖాళీలు లేని చిన్న సర్వర్ల జాబితా అయితే ఇక్కడ ఫర్ వాడినా నేను తప్పుపట్టను.

వైల్, అంటిల్: అద్దంలో బొమ్మలు కావు

అంటిల్ అంటే వైల్‌కు వ్యతిరేకం, షరతు నెరవేరేదాకా తిరుగుతుంది అని చెప్పి వదిలేస్తారు. సర్వర్ లేచేదాకా ఆగడం వంటి పనులకు అంటిల్ చదవడానికి హాయిగా ఉంటుంది: సర్వర్ పలికేదాకా అయిదేసి సెకన్లు నిద్ర. కానీ తప్పు జరిగినప్పుడు రెండూ పూర్తిగా వేరుగా ప్రవర్తిస్తాయి, ఎంపికలో అసలు చూడాల్సింది అదే.

హిమాయత్‌సాగర్ సంగతి తీసుకుందాం. దాని పూర్తి నీటిమట్టం 1,763.50 అడుగులు. ఉస్మాన్‌సాగర్ కోసం రాసిన స్క్రిప్టులో 1790 స్థానంలో ఈ అంకె పెట్టి నడిపారనుకోండి. బ్యాష్ లెక్కలకు పూర్ణాంకాలే తెలుసు, దశాంశ బిందువు తెలియదు. చదరపు బ్రాకెట్ల పరీక్ష ఎర్రర్ చూపించి 2 చెబుతుంది. వైల్‌కు 2 అంటే అబద్ధం, కాబట్టి లూప్ ఒక్కసారి కూడా తిరగకుండా బయటపడుతుంది. తర్వాతి లైనులో ‘జలాశయం నిండింది’ అన్న సందేశం ఉంటే అది ఎండాకాలంలోనూ వెళ్లిపోతుంది. అంటిల్‌కు 2 అంటే ‘ఇంకా కాలేదు’, కాబట్టి గేట్లెత్తి నీళ్లు వదిలినా ఆ లూప్ తిరుగుతూనే ఉంటుంది. కమాండు పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా ఇదే జరుగుతుంది. అప్పుడు షెల్ 127 చెబుతుంది, వైల్ వెంటనే వెళ్లిపోతుంది, అంటిల్ ఎప్పటికీ కదలదు.

ఏది నయం? పొరపాటున ముందుకెళితే నష్టం జరిగే చోట అంటిల్ వైపు మొగ్గండి. డేటాబేసు సిద్ధం కాకుండానే తర్వాతి మెట్టు నడవడం కన్నా స్క్రిప్టు అక్కడే నిలిచిపోవడం మేలు. పొరపాటున ఇరుక్కుపోతే నష్టం జరిగే చోట వైల్ మేలు. దశాంశాల విషయానికి వస్తే, అడుగుల్ని వందతో గుణించి 176350 అని పూర్ణాంకాల్లో పోల్చడం ఒక దారి. నాకు నచ్చిన దారి ఆ పోలికను, దశాంశాలు తెలిసిన ఆక్ అనే కమాండుకు అప్పగించడం. నీటిమట్టాలు, ధరలు, శాతాలు వంటివి రెండుచోట్లకు మించి వస్తున్నాయంటే ఆ స్క్రిప్టును పైథాన్‌లోకి మార్చే సమయం వచ్చిందని అర్థం.

పైథాన్‌లో

ఇక్కడ నా సలహా సూటిగా ఉంటుంది: ముందు ఫర్ గురించే ఆలోచించండి. ఫైలును నేరుగా ఫర్‌కు ఇస్తే ఒక్కో లైనూ అవసరమైనప్పుడే చదువుతుంది, ఖాళీల దగ్గర ముక్కలు చేయదు, చివరి లైనుకు కొత్త లైను గుర్తు లేకపోయినా వదిలిపెట్టదు. బ్యాష్‌లో వైల్ ఎందుకు వాడామో ఆ కారణాలేవీ ఇక్కడ లేవు. లెక్కింపులకు ఫర్, రేంజ్ జంట సరిపోతుంది. వైల్‌లో చేత్తో పెంచే కౌంటర్ నెమ్మది, పైగా పెంచే లైను మర్చిపోతే ఆగదు. ఈ చుట్టును వదిలి తర్వాతి చుట్టుకు దూకించే కంటిన్యూ వాడినప్పుడు ఈ మరుపు మరీ సులువు, పెంపు లైను కంటిన్యూ కిందనే ఉండిపోతుంది.

మరి పైథాన్‌లో వైల్ ఎక్కడ? ఒకటి, పని చేస్తుండగానే పని పెరిగే చోట. ఒక ఫోల్డరు తెరిస్తే లోపల మరికొన్ని ఫోల్డర్లు, వాటిలో ఇంకొన్ని. ఫర్‌తో నడుస్తున్న జాబితాలోంచే అంశాలు తీసేస్తుంటే కొన్ని అంశాలు దాటిపోతాయి. ‘వరుసలో ఏదైనా ఉన్నంతవరకు ఒకటి తియ్యి, కొత్తవి చేర్చు’ అన్నది వైల్‌కు పుట్టుకతో వచ్చిన పని. ముందునుంచి తీయాలంటే మామూలు జాబితా కన్నా, రెండు చివర్లా తీయడానికి వీలైన డెక్ అనే వరుసను వాడండి. రెండు, మళ్లీ మళ్లీ ప్రయత్నించే పనులు. మూడు, సరైన జవాబు వచ్చేదాకా వినియోగదారును అడగడం.

మూడోదానికి అసలు పని చేశాకే షరతు చూసే డూ-వైల్ కావాలి, ఎందుకంటే ఒక్కసారైనా అడగాలి. పైథాన్‌లో అది లేదు. దాన్ని చేర్చాలని 2003లో పీఈపీ 315 అనే ప్రతిపాదన వచ్చింది, తిరస్కరణకు గురైంది. అందువల్ల వైల్ ట్రూ అని మొదలుపెట్టి మధ్యలో, లూప్‌లోంచి బయటపడేసే బ్రేక్ పెట్టడమే వాడుక. వైల్ ట్రూను చూడగానే ముఖం చిట్లించే సమీక్షకులు ఉంటారు. నేను వారితో ఏకీభవించను. బ్రేక్ ఒక్కటే ఉండి, అది పైన్నే కనిపిస్తుంటే అది నిజాయతీ గల లూప్. అయిదు బ్రేకులు అయిదుచోట్ల ఉంటేనే అభ్యంతరం.

పైథాన్ 3.8 నుంచి := గుర్తు, అంటే వాల్‌రస్, వచ్చింది. పెద్ద ఫైలును ముక్కలుముక్కలుగా చదివేటప్పుడు చదవడం, పరీక్షించడం రెండూ షరతులోనే ముగుస్తాయి. ఈ చిన్న గుర్తు మీద జరిగిన వాదులాట ఎంత ఘాటుగా సాగిందంటే, దాన్ని ఆమోదించిన తర్వాత 2018 జులైలో పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ భాషపై తుది నిర్ణయాధికారాన్నే వదులుకున్నారు. ముక్కలు చదివే వైల్‌కు దాన్ని వాడటంలో మాత్రం రెండో ఆలోచన అక్కర్లేదు.

పైథాన్ వైల్‌కు ఎల్స్ కూడా తగిలించవచ్చు. బ్రేక్ లేకుండా షరతు అబద్ధమై లూప్ ముగిస్తేనే అది నడుస్తుంది. ‘అన్ని ప్రయత్నాలూ అయిపోయాయి, ఫలితం లేదు’ అని చెప్పడానికి చక్కటి చోటు. కానీ బృందంలో సగం మందికి దాని అర్థం తెలియకపోతే మామూలు వేరియబుల్‌తో సరిపెట్టండి.

దశాంశ కౌంటర్‌తో వైల్ వద్దే వద్దు. సున్నాకు 0.1 చొప్పున పదిసార్లు కలిపితే పైథాన్‌లో ఒకటి రాదు, ఒకటికి వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. ‘ఒకటికి సమానం కానంతవరకు’ అన్న షరతు అందుకే ఎప్పటికీ తీరదు.

మిగతా భాషలు

జావాస్క్రిప్టులో డూ-వైల్ ఉంది, వాక్యనిర్మాణంలో సి పోలికే. ప్రమాదం మరోచోట ఉంది. అక్కడ మన కోడ్ ఒకే దారం మీద నడుస్తుంది. టైమర్ ఒక వేరియబుల్‌ను మారుస్తుందని, అది మారేదాకా వైల్‌లో తిరుగుతూ ఉంటే, ఆ టైమర్‌కు నడిచే అవకాశమే రాదు. బ్రౌజరు పేజీ బిగుసుకుపోతుంది. ఎదురుచూడాలంటే లూప్ లోపల, మిగతా పనులకు దారి వదిలే అవెయిట్ ఉండాలి, లేదా అసలు లూపే మానేయాలి. పెర్ల్‌లో మాత్రం ఫైలు చదవడానికి బ్యాష్ లాగే వైల్ మంచిది. ఫర్ వాడితే ఫైలు మొత్తాన్నీ ముందే మెమరీలోకి లాగుతుంది. లూవాలోని రిపీట్-అంటిల్‌లో లూప్ లోపల ప్రకటించిన స్థానిక వేరియబుల్ చివరి షరతులోనూ కనిపిస్తుంది. సి తరహా డూ-వైల్‌లో ఈ సౌకర్యం లేదు, ఇది కావాలని ఎన్నోసార్లు అనిపిస్తుంది.

ఎదురుచూసే లూపులకు గడువు

బయటి ప్రపంచం మీద ఆధారపడిన ఏ వైల్‌కైనా, అంటిల్‌కైనా రెండో నిష్క్రమణ ద్వారం ఉండాలి. బస్‌స్టాప్‌లో నిలబడ్డవారు కూడా కాసేపు చూసి ఆటో ఎక్కుతారు. బ్యాష్‌లో సెకండ్స్ అనే వేరియబుల్ షెల్ మొదలైనప్పటి నుంచి గడిచిన సెకన్లు చెబుతుంది, దాన్ని షరతులో చేర్చితే చాలు. మొత్తం కమాండును టైమవుట్ అనే కమాండు చేతికి ఇవ్వడం ఇంకో దారి. గడువు దాటితే అది 124 చెబుతుంది, కాబట్టి ఆలస్యమా, అసలు వైఫల్యమా అన్నది తేడా తెలుస్తుంది. పైథాన్‌లో టైమ్ మాడ్యూల్‌లోని మోనోటానిక్ గడియారం వాడండి. మామూలు గడియారాన్ని ఎవరైనా సరిచేస్తే గడువు లెక్క తప్పుతుంది.

ప్రయత్నాల మధ్య నిద్ర లేకుండా వైల్ తిప్పకండి. ఒక ప్రాసెసర్ కోర్‌ను పూర్తిగా కాల్చడమే కాక, అవతలి సర్వర్‌ను అది లేచే సమయంలోనే ముంచెత్తుతారు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది సెకన్లంటూ విరామాన్ని రెట్టింపు చేస్తూ పోయి ఒక గరిష్ఠం దగ్గర ఆపడం ఆరోగ్యకరం.

బ్యాష్‌లో ప్రయత్నాలు లెక్కపెట్టేవారికి ఒక మాట. ఏ కమాండు విఫలమైనా స్క్రిప్టును ఆపే సెట్ మైనస్ ఈ పెట్టిన స్క్రిప్టులో కౌంటర్‌ను సున్నా నుంచి మొదలుపెట్టి, జంట బ్రాకెట్లలో ప్లస్ ప్లస్‌ను వేరియబుల్ తర్వాత రాస్తే మొదటి పెంపులోనే స్క్రిప్టు చచ్చిపోతుంది. ఆ లెక్క విలువ సున్నా అయినందున షెల్ దాన్ని వైఫల్యంగా చూస్తుంది. పెంచిన విలువను వేరియబుల్‌కు తిరిగి కేటాయించే పద్ధతిలో రాస్తే ఈ బాధ లేదు.

లూప్ అసలు వద్దనుకోవాల్సిన చోట్లు

లాగ్ ఫైలులో లక్షల లైన్లు ఉండి, ఒక్కో లైనుకూ లూప్ లోపల గ్రెప్, కట్ వంటి కమాండ్లను పిలుస్తుంటే ప్రతి పిలుపుకూ కొత్త ప్రాసెస్ పుడుతుంది. ఆక్ ఆ పనిని ఒకే ప్రాసెస్‌లో ముగిస్తుంది, ఎందుకంటే లైన్ల మీద తిరిగే లూప్ దానిలోనే దాగి ఉంది. వైల్-రీడ్ లోపల రెండు, మూడు పైపులు కనిపిస్తే ముందు ఆక్‌ను ప్రయత్నించండి.

రోజంతా తిరుగుతూ నిద్రపోయే వైల్ ట్రూ కన్నా చాలాసార్లు, చెప్పిన వేళలకు పనులు నడిపే క్రాన్ నయం. సర్వర్ మళ్లీ మొదలైతే క్రాన్ తనంతట తానే లేస్తుంది, టెర్మినల్ మూసినప్పుడు చచ్చిపోయే లూప్ లేవదు. నిమిషం కన్నా తరచుగా చూడాల్సిన అవసరం ఉంటేనే క్రాన్ చాలదు. అప్పుడు వైల్ రాసి, దాన్ని లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కింద రీస్టార్ట్ అమరికతో సర్వీసుగా పెట్టండి, పడిపోతే అదే లేపుతుంది. క్రాన్‌ను ఎంచుకుంటే మాత్రం ఒకటి చూసుకోవాలి: పాత పరుగు ముగియకముందే కొత్తది మొదలుకావచ్చు. ఒక ఫైలు మీద తాళం వేసే ఎఫ్‌లాక్ కమాండుకు మైనస్ ఎన్ ఇచ్చి దాని కింద స్క్రిప్టును నడిపితే, తాళం దొరకని రెండో పరుగు ఎదురుచూడకుండా వెంటనే వెనుదిరుగుతుంది.